కొత్తింటికి రీఫ్ ట్యాంకు, దానికి కాపలా తాతయ్య

ఆషాఢం వచ్చేలోపు గృహప్రవేశం అయిపోవాలని భీమవరం నుంచి నాన్నగారితో కలిసి వచ్చిన మా అమ్మ పట్టుదల. అందుకని డాలస్ దగ్గర జూన్ ఎండలు మండిపోతున్నప్పుడే ఇర్వింగ్ అపార్ట్‌మెంటు ఖాళీ చేసి ఫ్రిస్కోలో కొన్న ఇంటికి మారాం. సామాన్లు మూవర్స్ చూసుకున్నారు. వాళ్లు "మేం ముట్టుకోం" అన్నది ఒక్కటే, మా అమ్మాయి రీఫ్ ట్యాంకు.

అది 40 గ్యాలన్లది, అంటే సుమారు 150 లీటర్ల ఉప్పునీరు. అందులో క్లౌన్ ఫిష్ జంట, ఒక గోబీ చేప, నత్తలు, పీతలు, రాళ్ల మీద పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునే మా అమ్మకి, అది ప్రాణి అనీ, దాని ఒంట్లో ఉండే నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికి పెడుతుందనీ మనవరాలు ఓపిగ్గా చెప్పింది, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో.

మా అమ్మాయికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆదివారం తెలుగు బడికి వెళ్లి చదవడం, రాయడం నేర్చుకుంది. అయినా వీడియో కాల్లో తాతయ్యతో మాటలు "బాగున్నావా, తిన్నావా, బాగా చదువుతున్నావా" దగ్గరే ఆగిపోయేవి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, కానీ కలిసి మాట్లాడుకోవడానికి ఒక పనంటూ ఉండేది కాదు. పిల్లలకి భాష నేర్పించాలని మనం ఇక్కడ ఎంతో తాపత్రయపడతాం, పడాలి కూడా. నేర్చుకున్నాక ఆ భాషలో దేని గురించి మాట్లాడతారన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

మా నాన్నగారిది రొయ్యల చెరువుల బతుకు. టైగర్ రొయ్యతో మొదలుపెట్టి, 1990ల్లో తెల్లమచ్చల వ్యాధికి పంటలు పోగొట్టుకుని, తర్వాత వనామీ రకం రొయ్యకి మారినవారు.

ఇల్లు మారే ముందు అమ్మాయి పెద్ద డ్రమ్ములో కొత్త నీళ్లు కలుపుతోంది. మా కుళాయి నీళ్లలో క్లోరమైన్ అనే క్రిమిసంహారిణి ఉంటుంది. అందుకని నీళ్లలో కరిగినవాటిని తీసేసే ఆర్వో డీఐ ఫిల్టర్లో వడకట్టిన నీళ్లలోనే ఉప్పు వేసి, హీటరూ పంపూ పెట్టి రాత్రంతా తిప్పాలి. ఒక చుక్క తీసి, ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి కంటికి పెట్టుకుంది. వెనకే నిలబడ్డ నాన్నగారు, "సెలినిటీ ఎంతొచ్చిందమ్మా?" అన్నారు.

అది చటుక్కున తిరిగి చూసింది. "థర్టీ ఫైవ్, తాతయ్యా."

"అమ్మో, మా చెరువుల్లో ఇంత ఉప్పుండదు. వనామీ అయితే ఎంతకైనా సర్దుకుంటుంది. ఇవి సర్దుకోవా?"

"సర్దుకోవు తాతయ్యా. కోరల్స్‌కి కొంచెం మారినా స్ట్రెస్."

ఆ సాయంత్రం పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా అంటూ నీళ్ల పరీక్షల కబుర్లతో ఇద్దరూ కూర్చుండిపోయారు. మధ్యలో నన్నెవరూ పిలవలేదు.

తెల్లవారుజామున ముహూర్తం. దేవుడి పటం, నీళ్ల బిందె, బియ్యం, పసుపు, ఉప్పు పట్టుకుని గుమ్మం దాటాం, పాలు పొంగించాం, వ్రతం చేసుకున్నాం. అంతా పద్ధతిగా జరిగింది. చిక్కు రాత్రికి వచ్చింది. ట్యాంకు మారేది మర్నాడు. ఆ రాత్రి ఉరుములతో వాన పడొచ్చన్నారు. కరెంటు పోతే పంపులు ఆగిపోతాయి, కాబట్టి పాతింట్లోనే పడుకుంటానంది అమ్మాయి. గృహప్రవేశం రాత్రి ఇంటిల్లిపాదీ కొత్తింట్లోనే నిద్ర చేయాలంటుంది మా అమ్మ. ఎవరి మాటా తీసేయలేక నేనూ మావారూ ముఖాలు చూసుకుంటున్నాం.

నాన్నగారు లేచి చొక్కా వేసుకున్నారు. "చెరువు మీద మనిషి లేకుండా నేను ఒక్క రాత్రి కూడా వదల్లేదు. పిల్ల చెప్పింది సబబే. దానికి తోడు నేను వెళ్తాను, మీరు ఇక్కడ నిద్ర చేయండి" అన్నారు. అమ్మ ఏదో అనబోయి, లోపలికి వెళ్లి రెండు దుప్పట్లు తెచ్చి ఇచ్చింది.

తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుందనీ, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎట్టి పరిస్థితిలో ఆగకూడని వేళ అదేననీ ఆ రాత్రి మనవరాలికి చెప్పారట. ట్యాంకులోనూ అంతే. లైట్లు ఆరాక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, ఉన్నవన్నీ పీల్చుకునేవే. కరెంటైతే పోలేదు.

పొద్దున మేం వెళ్లేసరికి బకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. నీళ్లు పాడవకుండా అమ్మాయి ముందురోజే చేపలకి మేత ఆపేసింది. ముందు పగడాలు, తర్వాత రాళ్లు, చివర్న చేపలు. రాళ్లు తీసి నీళ్లు దించితేనే చేపలు తేలిగ్గా దొరుకుతాయి, లేకపోతే సందుల్లో దూరి అలిసిపోతాయి. పాత నీళ్లు వీలైనంత డబ్బాల్లో పట్టుకుంది గానీ, అసలు కాపాడుకోవాల్సింది రాళ్లనే అంది. చేపల నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ రాళ్ల రంధ్రాల్లోనే. రాయి ఆరితే అది చచ్చిపోతుంది, అందుకే ప్రతి రాయీ నీళ్లలో మునిగే ప్రయాణం చేయాలి. జోయాంథిడ్లనే చిన్న జీవాల్లో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది కాబట్టి అందరి చేతా గ్లౌజులు, కళ్లకి గాగుల్స్ పెట్టించింది. తమ్ముణ్ని దగ్గరికే రానివ్వలేదు.

ఇసుక విషయంలో తాతా మనవరాలూ ఒక్క మాట మీద ఉన్నారు. ఏళ్ల తరబడి పేరుకున్న ఇసుకని కెలికితే అడుగున గాలి తగలని పొరలోంచి మురికీ, హైడ్రోజన్ సల్ఫైడూ పైకి రావచ్చు. పాతది పారేసి కొత్తది వేస్తానంది. "రొయ్యల పట్టుబడి అయ్యాక మేమూ చెరువు ఎండగట్టి నల్లమట్టి తీసేస్తాం" అన్నారాయన. అంతా ఖాళీ అయ్యాకే గాజుతొట్టిని ఎత్తారు. నీళ్లుండగా ఎత్తితే ఆ బరువుకి అతుకులు విడిపోవచ్చు.

కారులో ఏసీ, మూతపెట్టిన బకెట్లలో బ్యాటరీ ఏరేటర్లు. వెనక సీట్లో చేపల బకెట్ పట్టుకుని కూర్చున్న నాన్నగారు, హేచరీ నుంచి సీడ్, అంటే రొయ్యపిల్లల్ని, తెచ్చుకునే పద్ధతి చెప్పుకొచ్చారు. ఆక్సిజన్ నింపిన సంచుల్లో వస్తుంది. సంచులు విప్పకుండా చెరువు నీళ్ల మీద తేలేస్తారు. వేడి సమానమయ్యాక చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి అప్పుడు వదులుతారు. "మేమూ అదే చేస్తాం తాతయ్యా!" అని అమ్మాయి తెలుగులోనే అరిచింది. ఫ్రిస్కో చేరేదాకా అది అడుగుతూనే ఉంది. తెలుగులో దాని నోట అన్ని ప్రశ్నలు నేనెప్పుడూ వినలేదు.

హ్యామర్ కోరల్ అనే పగడం కొన్నాళ్లు ముడుచుకునే ఉంది. లైటు తగ్గించి, రోజూ అమ్మోనియా పరీక్ష చేసి, సీసాలోంచి బ్యాక్టీరియా పోసింది. "ప్రోబయోటిక్కా?" అని తాతయ్య గుర్తుపట్టారు. చేపలన్నీ బతికాయి.

ఒకరోజు ఆయన, "ఈ పగడాలు సముద్రంలోంచి తెంపినవా?" అని అడిగారు. ఒక్కటీ కాదు, అన్నీ వేరేవాళ్ల ట్యాంకుల్లో పెరిగినవాటి ముక్కలే అంది. మన దేశంలో గట్టి పగడాలకి 1972 నాటి వన్యప్రాణి చట్టం పులికిచ్చినట్టే మొదటి షెడ్యూల్లో రక్షణ ఇచ్చిందని కూడా చెప్పింది. తర్వాత తన ప్రశ్న వేసింది.

"మీ చెరువులో పాత నీళ్లు ఎక్కడికి వెళ్తాయి తాతయ్యా?"

"డ్రెయిన్లోకమ్మా."

"క్లీన్ చేయకుండానా?"

నేను అడ్డుపడబోయాను. నన్ను చదివించింది ఆ చెరువుల డబ్బే. నాన్నగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. "అడగనీవే. కొంతమంది చేస్తారమ్మా. మేం చేయలేదు. పక్కన వరి చేలకి ఉప్పెక్కిందని గొడవలు కూడా అయ్యాయి" అన్నారు.

పెద్దవాళ్ల ముందు ఊరుకోవడమే గౌరవమని నన్ను పెంచారు. నా కూతురు ఊరుకోలేదు, ఆయన్ని చిన్నబుచ్చనూ లేదు. నాకు గర్వంగా అనిపించింది.

ఆయన ఊరెళ్లాక కూడా ఆ వాదన నడుస్తూనే ఉంది. డ్రెయిన్లోకి వదిలే ముందు నీళ్లు నిలబెట్టి తేర్చడానికి ఒక చిన్న చెరువు ఉండాలని అది బొమ్మ గీసి పంపింది. అంత నేల దానికే వదిలేస్తే లీజు డబ్బులు ఎక్కణ్నుంచి తేవాలని ఆయన లెక్క రాసి పంపారు. ఆ లెక్క తప్పని ఇది అంటోంది. డిసెంబర్లో భీమవరం వెళ్లినప్పుడు చెరువు గట్టు మీదే తేల్చుకుందామని ఇద్దరూ అనుకున్నారు.