ముందు ఖర్చు, తర్వాత గ్రాంట్: నా మొదటి మైక్రోఫ్లూయిడిక్స్ కాన్ఫరెన్స్

మైక్రోఫ్లూయిడిక్స్‌లో, అంటే వెంట్రుకంత సన్నటి కాలువల్లో ద్రవాల్ని నడిపించే శాస్త్రంలో, పీహెచ్‌డీ చేసేవాళ్ళకి మైక్రోటాస్ పేరు తెలియకుండా ఉండదు. 1994లో నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడేలో ఒక వర్క్‌షాప్‌గా మొదలై, ఇప్పుడు ఏటా జరిగే పెద్ద కాన్ఫరెన్స్ అయింది. నేను వెళ్ళింది అంత పెద్దదానికి కాదు గానీ, అదీ విదేశంలోనే. మా ప్రాజెక్టులో ప్రయాణాలకి డబ్బు లేదు. ట్రావెల్ గ్రాంట్ వస్తేనే వెళ్ళగలవని గైడ్ ముందే చెప్పేశారు.

గ్రాంట్ అడగాలంటే మొదట అబ్‌స్ట్రాక్ట్, అంటే మన పని గురించి పంపే చిన్న సారాంశం, సెలెక్ట్ కావాలి. సన్నటి కాలువల్లో ద్రవాల్ని కలపడం నా పని. వంద మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) వెడల్పున్న కాలువలో రెండు ద్రవాలు పక్కపక్కనే పారతాయి తప్ప సుడులు తిరిగి కలవవు. అణువులు ఒకవైపు నుంచి మరోవైపుకి మెల్లగా వ్యాపించాల్సిందే. కాలువ అడుగున చేపముల్లు ఆకారంలో గాడులు చేస్తే ద్రవాలు మెలికలు తిరిగి త్వరగా కలుస్తాయని 2002లోనే చూపించారు. చిక్కటి ద్రవాలకి ఆ గాడులు ఎలా ఉండాలన్నది నేను చూస్తున్నాను.

అబ్‌స్ట్రాక్ట్ సులువుగానే గడిచింది. గ్రాంట్ ఫారం దగ్గరే ఆగాను. అందులో అడిగింది సైన్స్ కాదు, ఈ కాన్ఫరెన్స్‌కే ఎందుకు వెళ్ళాలని. 'పరిజ్ఞానం పెంచుకోవడానికి' అనే జవాబు వాళ్ళు ఎన్నిసార్లు చదివి ఉంటారో! నా చిప్‌లు, అంటే ఈ కాలువలు ఉండే చిన్న పలకలు, పీడీఎంఎస్ అనే రబ్బరు లాంటి పదార్థంతో చేసినవి. కొన్ని ద్రావకాలు తగిలితే అది ఉబ్బి కాలువ కొలతే మారిపోతుంది. గాజు చిప్‌లు చేసే బృందాలు అక్కడికి ఏటా వస్తాయని పాత ప్రోగ్రామ్‌లు చూస్తే తెలిసింది. వాళ్ళని అడగాలనుకున్న ప్రశ్నల్నే ఫారంలో రాసేశాను. గ్రాంట్ రావడానికి అదే కారణమని నా నమ్మకం.

అసలు టెన్షన్ తేదీలతో. తక్కువ ఫీజుతో రిజిస్టర్ చేసుకునే గడువు గ్రాంట్ ఫలితాల కంటే ముందే ముగుస్తుంది. ఆగితే ఫీజు పెరుగుతుంది, కడితే గ్రాంట్ రాకపోవచ్చు. ల్యాబ్‌లో సీనియర్ అక్క అప్పిస్తే కట్టేశాను. ఫలితం మంచిదే వచ్చింది, కానీ ఉత్తరంలో చివరి వాక్యం చూసి నీరసం వచ్చింది: డబ్బు ప్రయాణం అయ్యాక, బిల్లులు చూపిస్తేనే ఇస్తారట. ఇక టికెట్టూ వీసా ఫీజూ అన్నీ అప్పే.

అక్కడ పోస్టర్ పక్కన ఖాళీ చిప్ పెట్టి, ద్రవాలు కలిసే వీడియో ట్యాబ్‌లో నడిపించాను. పోస్టర్ చదివినవాళ్ళు తక్కువ, వీడియో దగ్గర ఆగినవాళ్ళే ఎక్కువ. గాజు చిప్‌లు చేసే ఒకాయన చాలాసేపు నిలబడి, పలకల్ని అతికించే ముందు వాటిని ఎలా శుభ్రం చేయాలో కాగితం మీద గీసి మరీ చెప్పారు. పేపర్లలో ఆ వివరాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

తిరిగొచ్చాక బోర్డింగ్ పాస్‌లు, రసీదులు పంపితే నెలలు గడిచాక డబ్బు పడింది. అప్పిచ్చేవాళ్ళు లేని విద్యార్థికి ఇలాంటి గ్రాంట్ వచ్చీ ఉపయోగం లేదు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశాను: గ్రాంట్ వచ్చినవాళ్ళ రిజిస్ట్రేషన్ ఫీజు మొదటే మాఫీ చేయండి, టికెట్ డబ్బులో కొంతైనా ముందే ఇవ్వండి, ఫలితాలు ఫీజు గడువు కంటే ముందు చెప్పండి అని. జవాబింకా రాలేదు.