కొత్త బూట్లు కరిచిన క్రిస్మస్

మా నరసాపురం వైపు పల్లెల్లో ఇంటి మీద నక్షత్రం వెలిగించిన రాత్రి మొదలైన క్రిస్మస్ జనవరి ఒకటి దాకా సాగుతుంది, అది ముగియగానే సంక్రాంతి అరిసెల పాకం వాసన మొదలవుతుంది. 2022 డిసెంబరు నాటికి నాకు 54 ఏళ్లు, మధుమేహం బయటపడి ఆరేళ్లు. మా చర్చి సంఘంలో డోలక్ వాయించేది నేనే కనుక, ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్‌కు వెళ్లక తప్పేది కాదు. తప్పాలని నేనెన్నడూ కోరుకోలేదు కూడా.

రాత్రికి పది పన్నెండు ఇళ్లు తిరిగేవాళ్లం. ప్రతి ఇంటా కేకు ముక్క, గులాబీ పువ్వులనే తీపి పిండివంట, చక్కెర వేసిన టీ ఎంతో ఆప్యాయంగా పెట్టేవారు, వద్దంటే వారి మనసు నొచ్చుకుంటుందని తినేవాణ్ని. తెల్లవారుజామున రెండింటికి ఇల్లు చేరేసరికి అన్నం తినాలనిపించేది కాదు, అన్నం తిన్నాక మధుమేహానికి వేసుకోవలసిన మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా అలాగే పెట్టెలో మిగిలిపోయేది. నోరు ఎండిపోవడాన్ని పాటల వల్ల అనుకున్నాను, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడాన్ని టీ వల్ల అనుకున్నాను.

క్రిస్మస్ ఆరాధనకు కొత్త బూట్లు వేసుకుని, ప్రేమవిందు ముగిసేదాకా వాటితోనే వడ్డన చేశాను. సాయంత్రం మేజోడుకు అంటిన నెత్తురు నా భార్య చూసేదాకా మడమ మీద పొక్కు చితికిందని నాకు తెలియనే లేదు. 28న చలిజ్వరం వచ్చి కాలు పిక్క దాకా వాచింది. పాస్టరు అయ్యగారిని పిలిపించి ప్రార్థన చేయించుకుంటానంటే, "ప్రార్థన దారిలో చేసుకుందామండీ, ముందు బయలుదేరండి," అని ఆమె నన్ను భీమవరం తీసుకువెళ్లింది.

అక్కడ చక్కెర 438 ఉంది. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 10.6 వచ్చింది. పండుగ పిండివంటల వల్లేనని నేను చెప్పబోతే, ఆ పరీక్ష సుమారు మూడు నెలల చక్కెర సగటును చూపుతుందని, కేకుకు ముందే నా చక్కెర అదుపు తప్పిందని డాక్టరు గారు నెమ్మదిగా వివరించారు. ఎక్కువ కాలం చక్కెర పెరిగి ఉంటే పాదాల నరాలు దెబ్బతిని నొప్పి తెలియదని, నిద్రలేమి, ఇన్ఫెక్షన్ రెండూ చక్కెరను మరింత పెంచుతాయని ఆయన చెప్పాకే ఆ నెలంతా నా ఒంట్లో ఏం జరిగిందో అర్థమైంది. పుండు శుభ్రం చేసి, ఇన్సులిన్, సెలైన్, యాంటీబయాటిక్ మందులు ఎక్కించారు. 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనను మంచం మీద ఫోనులోనే విన్నాను. నా డోలక్‌ను మరొకరు వాయిస్తున్నారు; ఆ దెబ్బ వినబడగానే ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఎనిమిదో రోజున ఇంటికి పంపారు. మడమ మీద బరువు మోపకుండా ఏడు వారాలు కట్లు కట్టించుకున్నాను. ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయని ఆ వారాల్లోనే ఒకసారి అనుభవమైంది. గ్లూకోజు పొడి జేబులో పెట్టుకోవడం అప్పుడు అలవాటైంది.

మరుసటి డిసెంబరులో కేరల్స్ మానలేదు. ఎనిమిదింటికే అన్నం తిని, మాత్ర వేసుకుని బయలుదేరి, పదిన్నరకు డోలక్‌ను కుర్రవాళ్లకు అప్పగించి వచ్చేసేవాణ్ని. ఒక్క గులాబీ పువ్వు అక్కడే తిని, మిగిలినవి కాగితంలో కట్టించుకునేవాణ్ని. ఎవరూ నొచ్చుకోలేదు, పైగా కొన్ని ఇళ్లలో నా కోసం చక్కెర లేని టీ విడిగా కాచి ఉంచారు. అన్నేళ్లు నేను అడగలేదు గనుకనే వారికి తెలియలేదు. క్రిస్మస్ నాడు పులావు ఒక గరిటె, కూర, చేపముక్క ఎక్కువగా తిని, కాసేపటికి కాలువ గట్టు మీద అరగంట నడిచాను. కాళ్లకు మెత్తబడిన పాత బూట్లే వేసుకున్నాను.

జనవరి పరీక్షలో హెచ్‌బీఏ1సీ 7.1 వచ్చింది. మడమ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. రోజూ పడుకునే ముందు నా భార్య టార్చి వేసి ఆ మచ్చను, వేళ్ల సందులను చూశాకే దీపం ఆర్పుతుంది.