తాబేలు గుడ్లకు ఆ కొన్ని గంటలే కీలకం

చలికాలం చివరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ కోరింగ అభయారణ్యంలోకి వస్తుంది కాబట్టి అక్కడ అటవీశాఖ కాపలా ఉంటుంది. ఊళ్ల ముందున్న ఇసుక సంగతి వేరు. అక్కడ అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా గస్తీ తిరిగేది చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థలు తయారుచేసిన మత్స్యకార కుర్రాళ్లే. 2002లో చెన్నైలో మొదలైన ట్రీ ఫౌండేషన్ ఆంధ్ర తీరంలోనూ ఈ పద్ధతిలోనే పనిచేస్తోంది.

ఇసుకలో తాబేలు పాకిన జాడ పట్టుకుని వెళ్తే గూడు దొరుకుతుంది. పోటు నీళ్లు తాకనిచోట, కుక్కల బెడద లేకపోతే గూటిని కదపకూడదు. అదే మేలు. తప్పనిసరైతేనే, అదీ అటవీశాఖ అనుమతితోనే, గుడ్లను హేచరీకి, అంటే వాటిని కాపాడి పొదిగించే చోటికి, తేవాలి.

గూడు సుమారు 45 సెంటీమీటర్ల లోతున, అడుగున కుండలా ఉబ్బి ఉంటుంది. అందులో వంద, నూట ఇరవై గుడ్లు. పెట్టిన కొన్ని గంటల్లోనే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు పొర్లిందంటే పిండం చచ్చిపోతుంది. అందుకే పార వాడకుండా చేత్తోనే తవ్వి, గుడ్డు ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచుతూ, కింద తడి ఇసుక పరిచిన బుట్టలో ఎత్తాలి. హేచరీలో అదే లోతు, అదే ఆకారంలో గుంట తీసి, గూటికీ గూటికీ మీటరు ఎడం వదలాలి. ఏటా చోటు మార్చాలి. పాత ఇసుకలో మిగిలిన కుళ్లు కొత్త గుడ్లకు బూజు పట్టిస్తుంది. మార్చి ఎండలకు పైన తాటాకు నీడ తప్పదు. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, మరీ కాగితే గుడ్లే చెడిపోతాయి.

45 రోజులు దాటాక గూటి మీద బుట్ట బోర్లించి, రాత్రంతా మాటిమాటికీ చూస్తుండాలి. పైకొచ్చిన పిల్లల్ని తెల్లారి ఫొటోల కోసం నీళ్ల టబ్బులో ఉంచడం పెద్ద తప్పు. సముద్రంలో ఈదాల్సిన శక్తంతా ఆ టబ్బులోనే అయిపోతుంది. చీకట్లోనే వదలాలి, నీటిదాకా వాటంతట అవే పాకాలి. వీధిదీపాలు వెలుగుతుంటే అటే పోతాయి కాబట్టి ఆ కాసేపు వాటిని ఆర్పించాలి.

విరాళం ఇచ్చేవాళ్లు బోర్డులకూ టీషర్టులకూ కాకుండా గస్తీ కుర్రాళ్ల నెల జీతానికి ఇవ్వండి. గూళ్ల రిజిస్టరు అడిగి చూడండి. అందులో ఒక్కో గూటికి తెచ్చిన గుడ్లు, వచ్చిన పిల్లలు, పొదగనివి ఎన్నో రాసి ఉండాలి.