ఏటిగట్టు మీద మొదలైన స్కీయింగ్

మాది రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున పల్లెటూరు. కొబ్బరి తోటలు, పంట కాలువలు, వరిచేలు. మా వైపు ఎత్తు అంటే ఏటిగట్టే. సైకిల్ నేర్చుకునే పిల్లలకు మొదటి భయం గట్టు దిగేటప్పుడే తెలుస్తుంది. ఆ నేల మీద పెరిగిన నాకు ముప్పై తొమ్మిదో ఏట, కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే స్కీయింగ్ మీద మనసు పడింది.

దానికి కారణం దుబాయ్. కోనసీమలో గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఉండదు. మా తమ్ముడూ అక్కడే ఉంటాడు. 2023 వేసవి సెలవుల్లో పిల్లాడితో వెళ్తే, మాల్ ఆఫ్ ద ఎమిరేట్స్‌లోని స్కీ దుబాయ్‌కి తీసుకెళ్లాడు. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల మాత్రం గడ్డకట్టే చలి. మంచు పరిచిన ఐదు స్లోప్‌లు, అంటే జారే వాలులు, ఉన్నాయి, అన్నిటికంటే పొడవైనది 400 మీటర్లు. మూడు రోజులు పాఠాలు చెప్పించుకున్నాను. మూడో రోజు నా అంతట నేను కింది దాకా వచ్చి ఆగినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండేళ్ల మా అబ్బాయికైతే రెండో రోజుకే అలవాటైపోయింది.

ఇంటికి తిరిగొచ్చాక "అసలైన మంచు మీద నేర్చుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి?" అన్న ఆలోచన వదల్లేదు. తెలిసినవాళ్లందరూ ఒకటే మాట, కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్. తమ్ముడు రోజూ ఫోన్: "అక్కా, వెళ్తే అక్కడికే వెళ్లాలి. అంత మంచి పొడి మంచు ఇంకెక్కడా దొరకదు." వాడు దుబాయ్‌లో అన్నిటికంటే కష్టమైన, నలుపు గుర్తు స్లోప్ మీద నుంచి దిగేవాడు. వాడికి కావలసింది వేరు, నాకు కావలసింది వేరు అని తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ముందు ఒక నోట్‌బుక్ తీసి నాకు ఏం వచ్చో, ఏం రాదో రాసుకున్నాను. స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, మడమలు బయటికి తోసి, పిజ్జా ముక్కలా పెట్టి ఆగడం వచ్చు. కుడి వైపు తిరగడం వచ్చు. ఎడమ వైపు సగమే వచ్చు. వాలు పైకి తీసుకెళ్లే లిఫ్ట్ ఎక్కి దిగడం వచ్చు. లోతైన మంచులో నడపడం రాదు. గట్టిపడిన ఐసు మీద ఎప్పుడూ నిలబడలేదు. నిటారుగా ఉన్న వాలు చూస్తే కాళ్లు బిగుసుకుపోతాయి. ఈ ఆఖరి మాట దాచకుండా రాసుకోవడమే నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

స్లోప్ ఎంత కష్టమో చెప్పడానికి రంగులు ఉంటాయి కదా, తేలిక నుంచి కష్టం దాకా. యూరప్‌లో నీలం, ఎరుపు, నలుపు, కొన్ని దేశాల్లో నీలం కంటే తేలికైనదానికి ఆకుపచ్చ. అమెరికాలో ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నలుపు డైమండ్. ఆ రంగు ఆ రిసార్ట్ లోపలి స్లోప్‌లతో పోల్చి ఇచ్చినది మాత్రమే. ఒక చోటి నీలం ఇంకో చోటి ఎరుపంత కష్టంగా ఉండొచ్చు. పైగా మన హిమాలయాల్లో రోజూ యంత్రంతో చదును చేసే స్లోప్‌లు తక్కువ. అందుకని రంగుల సంగతి పక్కన పెట్టి, ఏ చోటి గురించైనా మూడే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. లిఫ్ట్ దిగగానే వాలు ఎలా ఉంటుంది? భయం వేస్తే అదే లిఫ్ట్‌లో కిందికి రావచ్చా? అదుపు తప్పితే ఎక్కడ ఆగుతాను, చదును నేల మీదా, చెట్ల మధ్యా, లోయలోనా?

ఈ ప్రశ్నలతో చూస్తే గుల్‌మార్గ్ నాకు రెండు ముక్కలుగా అర్థమైంది. కింద దాదాపు 2,650 మీటర్ల ఎత్తున విశాలమైన మైదానం ఉంది. అక్కడి చిన్న చిన్న వాలులు మొదటిసారి స్కీలు కట్టుకునేవాళ్లకు బాగుంటాయి. గొండోలా అనే కేబుల్ కారు మొదటి దశలో కాంగ్‌డోరికి, రెండో దశలో అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పైన ఉన్నదంతా చదును చేయని సహజమైన మంచు. అక్కడ దిగాలంటే స్కీయింగ్ బాగా వచ్చి ఉండాలి. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం గురించి తెలియాలి. మంచు కింద మనిషిని వెతికే బీకన్, పొడవాటి కడ్డీ, పార వెంట ఉండాలి, వాటిని వాడటమూ రావాలి. అంటే కొత్తవాళ్లకు చోటుంది, ఆరితేరినవాళ్లకు స్వర్గమే. కానీ నాలుగు రోజుల్లో కొంచెం నేర్చుకుని ఇంకొంచెం పైకి వెళ్దామనుకునే మా అబ్బాయి లాంటివాళ్లకు మధ్య మెట్టు తక్కువ. కింద విసుగొస్తే వాడి కళ్లు గొండోలా మీద పడతాయి. నేను వద్దంటే గొడవ.

కజకిస్తాన్‌లో ఆల్మటీ పక్కన షింబులాక్, జార్జియాలో గుదౌరి కూడా చూశాను. చదును చేసిన స్లోప్‌లు, వరసగా లిఫ్ట్‌లు, నా స్థాయికి చక్కగా సరిపోతాయి. అయితే అత్తయ్యగారిని ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లే ఉద్దేశం మాకు లేదు, ఆవిడకు పాస్‌పోర్టు లేదు. ఆ మాట అక్కడితో ఆగింది.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. ఒక ట్రావెల్ ఏజెంట్ హిమాచల్‌లో ఐదు రోజుల "స్కీయింగ్ ప్యాకేజీ" అన్నాడు. ఆరు వేలు అడ్వాన్స్ కట్టాక వివరాలు అడిగితే, స్కీయింగ్ ఒక గంట మాత్రమేనట. అద్దె సూటు వేసుకుని, చెయ్యి పట్టుకుని నడిపిస్తే నాలుగు ఫోటోలు. మిగతా రోజులు సైట్ సీయింగ్. డబ్బు తిరిగి రాలేదు. రోజుకు ఎన్ని గంటలు నేర్పుతారు, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, బూట్లు నా కాలికి సరిపోకపోతే మారుస్తారా అన్నవి డబ్బు కట్టకముందే అడగాలి. నేను కట్టాక అడిగాను.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ పేరు తెచ్చింది అత్తయ్యగారే. ఆవిడ పుట్టిల్లు అంతర్వేది పక్కన. శీతాకాలంలో బదరీనాథ్ గుడి మూసేశాక శంకరాచార్యుల గద్దెను జోషీమఠ్‌లోని నరసింహస్వామి గుడికి తెస్తారని టీవీలో విన్నారు. "మన స్వామే కదమ్మాయ్ అక్కడా ఉన్నది. మీరు ఆ మంచులో జారుకోండి, నేను గుళ్లో కూర్చుంటాను" అన్నారు. ఆ గుడికి పైనే ఔలీ అని మ్యాప్‌లో చూసి ఆశ్చర్యపోయాను.

ఔలీ స్లోప్‌లు సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఉంటాయి. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ స్కీయింగ్ పోటీలు ఇక్కడ జరిగాయి. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. నేను ఫోన్ చేసిన ఇన్‌స్ట్రక్టర్ మొదట అడిగిన మాట: "మేడమ్, మీకు ఆగడం వచ్చా?" ప్యాకేజీ గురించి కాకుండా ఆ మాట అడిగినందుకే ఆయన మీద నమ్మకం కలిగింది. నా మూడు ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు చెప్పాడు. కింది భాగం వెడల్పుగా ఉంటుంది, తప్పినా చదునులోకే వస్తారు, పైకి ఎప్పుడు వెళ్లాలో నేను చెబుతాను, మీరు కాదు అన్నాడు.

ఒక్క విషయం మాత్రం మమ్మల్ని చాలా రోజులు ఆపింది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగింది, ఇళ్లు బీటలు వారాయి, కుటుంబాలు ఊరు వదిలాయి, ఔలీకి వెళ్లే రోప్‌వే ఆగిపోయింది. అలాంటి ఊరికి సరదాకి వెళ్లొచ్చా? అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ చిన్నప్పుడు ఏటి మధ్య లంకలో వాళ్ల కొబ్బరి చెట్లు గోదావరి కోతకి ఒక్కొక్కటిగా ఏట్లోకి ఒరిగిపోయాయి. "నేల పోయినవాళ్ల ఇంటికి మనుషులు రావడం మానేస్తే ఇంకా బాధ" అన్నారు. బీటలు లేని వైపు ఉన్న హోమ్‌స్టే దొరికింది. ఆ యజమానురాలు, మనుషులు రాకపోతే మేమెలా బతకాలని అడిగింది. వెళ్లడానికే నిర్ణయించుకున్నాం.

తేదీలు పెద్దగా ఆలోచించే పని లేకపోయింది. కనుమ నాటి ప్రభల తీర్థం అయ్యాక వెళ్లాలి, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం లాగే లోపు రావాలి. 2024లో అది ఫిబ్రవరి 20. కానీ ఆ జనవరిలో హిమాలయాల్లో మంచే పడలేదు. కాశ్మీర్‌లో కూడా గడ్డి కనిపిస్తోందని వార్తలు. ఒకటే టెన్షన్. ఇన్‌స్ట్రక్టర్ ఆగమన్నాడు, అందుకే టికెట్లు ఆలస్యంగా కొన్నాం. నెలాఖరున మంచు కురిసింది.

ఈలోగా నా శిక్షణంతా ఏటిగట్టు మీదే. తెల్లారి ఐదున్నరకు గట్టు ఎక్కి, అడ్డంగా తిరిగి, పక్క అడుగులతో దిగేదాన్ని, మళ్లీ ఎక్కేదాన్ని. రోజుకు నలభై సార్లు. చేపల బుట్టలతో వెళ్లేవాళ్లు ఏమైందమ్మా అని అడిగేవారు.

మధురపూడిలో విమానం ఎక్కి, హైదరాబాద్ మీదుగా డెహ్రాడూన్ చేరి, రిషికేశ్‌లో పడుకుని, మర్నాడంతా కొండ దారి. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ. మా గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలుతుంది. ఇక్కడ ప్రతి మలుపులో ఒక నది వచ్చి ఇంకో నదిలో కలుస్తోంది. అత్తయ్యగారు కిటికీ వదల్లేదు. జోషీమఠ్ ఔలీ కంటే బాగా తక్కువ ఎత్తులో ఉంటుంది, ఆవిడకు ఊపిరి ఇబ్బంది రాలేదు. మేం కూడా మొదటి రోజు ఏమీ చేయకుండా విశ్రాంతి తీసుకున్నాం. సముద్ర మట్టం నుంచి వచ్చినవాళ్లకు ఆ రోజు తప్పనిసరి అని నా అభిప్రాయం.

స్లోప్ మీద మొదటి ఉదయం అన్నీ మరిచిపోయాను. దుబాయ్‌లో మంచు రోజంతా ఒకేలా ఉండేది. ఇక్కడ పొద్దున్న రాయిలా గట్టిగా, మధ్యాహ్నం మెత్తగా, సాయంత్రానికి తడిసిన ఇసుకలా బరువుగా. ఆరుసార్లు పడ్డాను. బూట్లలో రెండు జతల మేజోళ్లు వేసుకుని పాదాలు నొక్కుకుపోయాయి. ఒకే ఒక్క పొడవాటి జత వేసుకోవాలని, మడమ లేవకూడదని ఆయన చూపించాడు. పడ్డాక స్కీలను వాలుకి అడ్డంగా పెట్టుకుని లేవాలి, కిందికి చూసేలా పెడితే లేచేలోపే జారిపోతాం. లిఫ్ట్ లేని చోట పక్క అడుగులతో ఎక్కమన్నప్పుడు మాత్రం నేను అందరికంటే ముందున్నాను. "ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాడు. గోదావరి గట్టు గురించి చెబితే చాలా ఇష్టంగా విన్నాడు.

అబ్బాయికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే, నేను చూపించిన చోట పదిసార్లు ఆగు, అప్పుడే పైకి. నాలుగో రోజుకి వాడు ఆగాడు, పైకి వెళ్లాడు. ఐదో రోజు నేను కుడికీ ఎడమకీ కలిపి పన్నెండు మలుపులు తిరిగాను. మా ఆయన స్కీలు ముట్టుకోలేదు, కుర్చీలో కూర్చుని నందాదేవిని చూస్తూ టీ తాగారు. ఆయనకు కావలసిన సెలవు అదే. అత్తయ్యగారు రోజూ గుడికి వెళ్లారు. ఆ స్వామి ఎడమ మణికట్టు సన్నగా ఉంటుందని, అది విరిగిన రోజున బదరీ దారి మూసుకుపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. బీటలు పడిన ఆ ఊళ్లో ఆ కథ విని ఆవిడ చాలాసేపు దండం పెట్టుకుని కూర్చున్నారట.

రథం లాగే రోజుకి ఇంట్లో ఉన్నాం. రెండు రోజులకు, ఫిబ్రవరి 22న, అఫర్వత్ వాలు మీద మంచు చరియ విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడన్న వార్త వచ్చింది. తమ్ముడే ఫోన్ చేశాడు. వాడి గొంతు మారిపోయింది. మంచు చరియల శిక్షణ తీసుకున్నాకే గొండోలా రెండో దశ ఎక్కుతానన్నాడు. ఇద్దరం కలిసి గుల్‌మార్గ్ వెళ్లేటప్పుడు నేను కింది మైదానంలోనే ఉంటానని చెప్పాను, సరేనన్నాడు.

దీపావళి వెళ్లాక మళ్లీ గట్టు ఎక్కడం మొదలుపెట్టాను. ఇప్పుడు అత్తయ్యగారు కూడా వస్తున్నారు. గట్టు మీద కూర్చుని చూస్తూ, "అమ్మాయ్, ఎడమ మోకాలు లోపలికి పోతోంది" అని ఆవిడే చెబుతున్నారు.