సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు

అమెరికా ఫెడరల్ జిల్లా కోర్టులో సివిల్ దావా నడుపుతున్న కక్షిదారులకు క్లర్కు కార్యాలయం నుంచి ఒక నోటీసు అందుతుంది. ఆ దావాను జిల్లా న్యాయమూర్తికి బదులు మేజిస్ట్రేట్ న్యాయమూర్తి మొదటినుంచి చివరిదాకా విచారించి, అవసరమైతే జ్యూరీని కూడా కూర్చోబెట్టి, తుది తీర్పు ఇవ్వడానికి సమ్మతమేనా అన్నది అందులోని ప్రశ్న. మామూలు కాగితాల మధ్య వచ్చే ఈ పత్రంపై చేసే సంతకంతో కక్షిదారుడు వదులుకునేది రాజ్యాంగం ఇచ్చిన రక్షణ.

జిల్లా న్యాయమూర్తిని అధ్యక్షుడు నామినేట్ చేస్తే సెనేట్ ఆమోదిస్తుంది. సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం ఆ పదవి నుంచి తొలగించరు, జీతం తగ్గించరు. రాజ్యాంగం మూడవ అధికరణం ఇచ్చిన ఆ భద్రత మేజిస్ట్రేట్ న్యాయమూర్తికి లేదు. పూర్తికాలపు మేజిస్ట్రేట్ న్యాయమూర్తిని ఆ జిల్లా కోర్టు న్యాయమూర్తులే ఎనిమిదేళ్ల కాలానికి నియమిస్తారు. 1968లో ఏర్పడిన ఈ పదవికి సివిల్ దావాల్లో తుది తీర్పు చెప్పే అధికారాన్ని 1979 చట్టం కల్పించింది, అది కూడా కక్షిదారులు ఒప్పుకుంటేనే. ఈ ఏర్పాటు రాజ్యాంగబద్ధమేనని 1984లో తొమ్మిదవ సర్క్యూట్ (జిల్లా కోర్టులకు పైనుండే ప్రాంతీయ ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ఒకటి) విస్తృత ధర్మాసనం తేల్చినప్పుడు, తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆంథొనీ కెనెడీ రాసిన ఆ తీర్పు ముఖ్యంగా రెండు ఆధారాల మీద నిలబడింది: కక్షిదారుల స్వచ్ఛంద సమ్మతి, మేజిస్ట్రేట్లపై మూడవ అధికరణం న్యాయమూర్తులకున్న అదుపు.

అందుకే సమ్మతి ఎలా తీసుకుంటారన్నదే నాకు అసలు విషయంగా కనిపిస్తుంది. సివిల్ ప్రక్రియ నిబంధనల్లోని 73వ నిబంధన ప్రకారం, అందరూ ఒప్పుకుంటే తప్ప ఎవరు ఏమన్నారో న్యాయమూర్తులకు తెలియకూడదు. కాదన్నవారి మీద ఎవరికీ మనసులో కినుక కలగకుండా చేసిన ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది. అయితే 1990 చట్ట సవరణ తరువాత, నిరాకరించినా నష్టం లేదని చెబుతూనే ఈ అవకాశాన్ని న్యాయమూర్తే స్వయంగా కక్షిదారులకు గుర్తుచేయవచ్చు. రేపు తన దావాను వినబోయే వ్యక్తే అడిగితే, ముఖ్యంగా వకీలు లేని కక్షిదారుడు, ఎంత స్వేచ్ఛగా కాదనగలడు? నా అనుమానం ఇంకా తీరలేదు.

రోయెల్ వర్సెస్ విత్రో కేసులో 2003లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. టెక్సాస్ ఖైదీ ఒకరు జైలు వైద్య సిబ్బంది మీద వేసిన ఆ దావాలో ఇద్దరు ప్రతివాదులు రాతపూర్వకంగా సమ్మతించకుండానే మేజిస్ట్రేట్ ఎదుట విచారణలో చివరిదాకా పాల్గొన్నారు. తమకే అనుకూలంగా తీర్పు వచ్చాక, మేజిస్ట్రేట్‌కు అసలు ఆ అధికారం ఉందా అన్న ప్రశ్నను అప్పీలు కోర్టే లేవనెత్తింది. తమకున్న హక్కు తెలిసి కూడా అభ్యంతరం చెప్పకుండా విచారణకు వచ్చారంటే అది సమ్మతేనని అయిదుగురు, స్పష్టమైన మాట కావలసిందేనని నలుగురు అన్నారు. ఖైదీని తీర్పు చూసుకుని మాట మార్చనివ్వరాదన్న మెజారిటీ వాదనలో న్యాయం ఉంది; అయినా రాజ్యాంగ రక్షణను వదులుకున్నారని మౌనాన్నిబట్టి తేల్చడం నాకు రుచించదు, ఆ నలుగురి తరఫున న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ రాసిన అసమ్మతి తీర్పే గట్టిదనిపిస్తుంది.

ఒప్పుకోవడంలో లాభం లేదని కాదు. జిల్లా న్యాయమూర్తికి క్రిమినల్ కేసులు ముందు వరుసలో ఉంటాయి కాబట్టి, మేజిస్ట్రేట్ ఇచ్చిన విచారణ తేదీ మారకుండా ఉండే అవకాశం ఎక్కువ. ఒప్పుకోకపోయినా జిల్లా న్యాయమూర్తి కొన్ని అంశాలను మేజిస్ట్రేట్ సిఫార్సు కోసం పంపవచ్చు. దానిపై 14 రోజుల్లో అభ్యంతరాలు దాఖలైతే ఆ భాగాలను మళ్లీ మొదటినుంచి పరిశీలించాలి. సమ్మతిస్తే ఆ రెండో పరిశీలన ఉండదు, అప్పీలు నేరుగా సర్క్యూట్ కోర్టుకే వెళుతుంది.

ఎవరి సమ్మతి కావాలన్నదీ చిన్న ప్రశ్న కాదు. సమన్లు ఇంకా అందని ప్రతివాదులు సమ్మతించకుండా దావాను కొట్టివేసే అధికారం మేజిస్ట్రేట్‌కు లేదని 2017లో తొమ్మిదవ, ఏడవ సర్క్యూట్లు వేర్వేరు కేసుల్లో తేల్చాయి. ఒకసారి ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవాలంటే మాత్రం మనసు మారిందంటే చాలదు, కక్షిదారుడు అసాధారణ పరిస్థితులను చూపించాలి.