చార్టులో అంతా బాగానే ఉంది

అద్దాలు వదిలించుకుందామని లేసిక్ చేయించుకున్నాను. మైనస్ నాలుగున్నర పోయింది. ఎనిమిది నెలలు హాయిగా ఉన్నాను. ఒక సాయంత్రం హన్మకొండలో అక్క కొడుకును ఎత్తుకుంటే వాడి వేలు నా కుడి కంట్లో గుచ్చుకుంది. బాపు చూసి "గిదేందిరా, కన్ను పండుమిరపకాయ లెక్కైంది" అన్నాడు.

లేసిక్‌లో కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర మీద ఫ్లాప్ అనే పల్చటి మూత కోసి, పక్కకు మడిచి, కింద లేజర్‌తో చెక్కి మళ్లీ కప్పేస్తారు. కార్నియా మందమే అర మిల్లీమీటరు, ఫ్లాప్ 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో దాదాపు పదో వంతు. కుట్లుండవు. గట్టి దెబ్బ తగిలితే ఎన్నాళ్లకైనా ఫ్లాప్ పక్కకు జరిగిపోవచ్చట, నాకు అదే అయింది. ఆపరేషన్ చేసినచోటే సర్ది, పైన కట్టులాగా ఒక లెన్స్ పెట్టి పంపారు.

నెల తర్వాత రాత్రిపూట కాజీపేట బ్రిడ్జి ఎక్కితే ఎదురొచ్చే ప్రతి లైటు పక్కన ఇంకో లైటు. వెళ్లి చెబితే చార్టు చదివించారు. చివరి వరుస దాకా చదివాను. "6/6 ఉంది కదా, డ్రైనెస్ అంతే" అని చుక్కల మందు రాశారు. మూడుసార్లూ అదే మాట. కుర్చీలో కూర్చుని అక్షరాలు చదవడం వేరు, ఎదురుగా లారీ వస్తుంటే చూడటం వేరు. ఈ ముక్క వాళ్లకు ఎక్కలేదు.

ఇంకో డాక్టరమ్మ స్లిట్ ల్యాంప్‌లో, అంటే కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. పై పొర కణాలు ఫ్లాప్ అంచు కిందికి పాకాయన్నారు. ఫ్లాప్ లేపి గీకొచ్చు, కానీ లేపితే మళ్లీ పాకే భయం. ఆ కణాల మచ్చ చిన్నదే కాబట్టి యాగ్ లేజర్‌తో చూద్దామన్నారు. శుక్లాల ఆపరేషన్ తర్వాత అమ్మకు పొర పడితే తీసింది కూడా యాగ్ లేజరే!

మత్తు చుక్కలు వేశారు. గడ్డం స్టాండు మీద పెట్టాను, నుదురు పట్టీకి ఆనించాను. ఎర్రటి చుక్క కనిపించింది, టక్, టక్ అని శబ్దం. నొప్పి లేదు గానీ ఒక్కో టక్కుకూ నా వేళ్లు స్టాండును ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. లోపల చిన్న చిన్న బుడగలు లేచాయట, అవే కరిగిపోతాయన్నారు. కొన్ని వారాల తేడాతో మూడు సిట్టింగులు అయ్యాయి. మధ్యలో స్టెరాయిడ్ చుక్కలు.

రెండో లైటు పోయింది. వాన పడే రాత్రి మాత్రం కాస్త చెదురుతుంది. అంచున సన్నటి గీత మిగిలింది, పెరగట్లేదు కాబట్టి ముట్టుకోవద్దన్నారు. ఇప్పుడు పవర్ లేని అద్దాలు పెట్టుకుంటున్నాను. ఎత్తుకోబోతే మా అల్లుడే ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, "మామా, అద్దాలు?" అంటాడు.