తుంటి మార్పిడి తర్వాత ఎంత నడుస్తారో ముందే చెప్పొచ్చా?

"ఆపరేషన్ అయ్యాక మా నాన్న మళ్లీ జీడితోటకి వెళ్లగలడా అండీ?" ఇచ్ఛాపురం, సోంపేట, బరంపురం తెలుగు కుటుంబాల మొదటి ప్రశ్న ఇదే. జవాబు ఎక్స్‌రేలో వెతుకుతారు. కీలు ఎంత అరిగిందో ఎక్స్‌రే చెబుతుంది గానీ మనిషి ఎంత తిరుగుతాడో చెప్పదు.

గట్టి ఆధారం ఆపరేషన్‌కి ముందున్న నడకే. నొప్పితోనైనా బజారుకి వెళ్లొస్తున్నవారు, మంచానికి అతుక్కుపోయాక ఆపరేషన్‌కి వచ్చినవారికంటే తర్వాత కూడా ముందే ఉంటారు. నొప్పి ఇద్దరికీ తగ్గుతుంది. కానీ అడుగులు లెక్కించే పరికరాలు కట్టి చూసిన అధ్యయనాల్లో, ఆరు నెలలకి నొప్పి బాగా తగ్గినా అడుగులు పెద్దగా పెరగలేదు. ఏళ్లుగా కూర్చున్న అలవాటు కీలు మార్చినంత మాత్రాన పోదు. అందుకే "ఇంకా ఓర్చుకోగలను" అంటూ ఏళ్లు సాగదీయడం నష్టమే.

కాబట్టి కొలత ముందే తీసుకోండి. చేతులున్న కుర్చీని గోడకి ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ అయితే లేచేటప్పుడు వెనక్కి జారిపోతుంది. 3 మీటర్ల దూరంలో సుద్దగీత గీయండి. లేచి, మామూలు నడకతో గీతదాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. "కానివ్వండి" అన్న క్షణం నుంచే టైమ్ లెక్క, లేచాక కాదు. పెద్దవాళ్లకి 12 సెకన్లు, అంతకు మించి పడితే తూలిపడే ప్రమాదం ఉన్నట్టు. తర్వాత ఎప్పుడు కొలిచినా అదే కుర్చీ వాడండి.

అడుగుల లెక్క ఏడు రోజులు తీయండి, సంత రోజు కూడా కలిపి. లుంగీకి జేబుండదు, ఫోన్ మంచం మీదే ఉండిపోతుంది, లెక్క సున్నా! చేతి బ్యాండ్ కూడా వాకర్ పట్టుకున్నప్పుడు మోసం చేస్తుంది, చెయ్యి ఊగదు కదా. నడుముకో చీలమండకో కట్టేదే నయం.

అంచనాని కిందికి లాగేవి: రెండో తుంటి, మోకాళ్లు, నడుము నొప్పి, అధిక బరువు, గుండె జబ్బు, పడిపోతానన్న భయం. వీటిలో భయాన్ని తగ్గించడం మన చేతిలో పని. రాయగడ, కోరాపుట్ వైపు నుంచి సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు వల్ల తుంటి ఎముక తల దెబ్బతిన్న కుర్రాళ్లు వస్తారు. వయసు చూసి పరిగెత్తుతారనుకుంటే తప్పు. చాలామందికి రెండో తుంటీ పాడై ఉంటుంది, రక్తహీనతతో త్వరగా అలిసిపోతారు.

అడుగులు వేరు, పని వేరు. వెనకవైపు నుంచి కోసి చేసిన ఆపరేషన్ అయితే మొదటి 6 నుంచి 12 వారాలు తుంటి 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు. రోడ్డు మీద హాయిగా నడిచే మనిషి కూడా అప్పుడు వంగి జీడిపిక్కలు ఏరడానికి లేదు. బాత్రూంలో ఎత్తు కమోడ్ ఆపరేషన్‌కి ముందే పెట్టించాలి.

ఆరో వారం, మూడో నెల మళ్లీ కొలవండి. మూడో నెలకీ పాత లెక్క దాటకపోతే కుంటు చూడండి. పిరుదు పక్క కండరం నీరసంగా ఉంటే ఆ కాలి మీద బరువు వేసినప్పుడు కటి ఎముక అవతలి పక్క కిందికి జారుతుంది. కర్ర ఆపరేషన్ కాని వైపు చేతిలో ఉండాలి. ఎక్కువమంది ఆపరేషన్ అయిన వైపే పట్టుకుంటారు. నొప్పి నడవనివ్వడం లేదని దుకాణంలో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొని మింగించకండి. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించకుండా ఆ మాత్ర జోలికి పోకూడదు.